ఎగ్జాటిక్ స్పోర్ట్స్ కార్లు: ధరలు, మార్కెట్ స్థానాలు

తక్కువ సంఖ్యలో తయారై, మామూలు కార్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ధర పలికే అతివేగ కార్లను వాడుకలో ఎగ్జాటిక్ స్పోర్ట్స్ కార్లు అంటారు. ఈ మాటకు చట్టబద్ధమైన నిర్వచనం లేదు. ఇటలీ కంపెనీలు ఫెరారీ, లాంబోర్గిని, పగాని. బ్రిటన్ కంపెనీలు మెక్‌లారెన్, ఆస్టన్ మార్టిన్. ఫ్రాన్స్‌లో తయారయ్యే బుగాటీ, స్వీడన్‌లో తయారయ్యే కోనిగ్‌సెగ్ ఈ కోవలోవి. పోర్షే, హోండా, ఫోర్డ్, టొయోటా వంటి పెద్ద కంపెనీలు అప్పుడప్పుడు ఒక్కో మోడల్‌తో ఈ వరసలోకి వచ్చిపోతుంటాయి.

ఈ కార్లకు రెండు ధరలుంటాయి. ఒకటి కంపెనీ నిర్ణయించే షోరూమ్ ధర, రెండోది కారు చేతులు మారేటప్పుడు పలికే ధర. మామూలు కారుకు రెండోది దాదాపు ఎప్పుడూ తక్కువే. ఎగ్జాటిక్ కార్లలో మాత్రం కొన్నింటికి షోరూమ్ గుమ్మం దాటగానే ధర పెరుగుతుంది. చాలావాటికి నాలుగైదేళ్లలో బాగా పడిపోతుంది. మరికొన్ని పదిహేనేళ్లో ఇరవై ఏళ్లో ఎవరికీ పట్టకుండా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా లేస్తాయి. ఒకప్పుడు ఈ కార్లలో ఏది పైన, ఏది కింద అనేది వేగాన్ని బట్టి తేలేది. 1990ల నుంచి వేగం చవకవుతూ వచ్చింది. ధర దాన్ని వదిలేసి తయారైన సంఖ్య, గేర్లు మార్చే పద్ధతి, ఇంజన్ శబ్దం, కొనేవాడికి కంపెనీ ఇచ్చే అనుమతి వంటి వాటి వైపు జరిగిపోయింది. ఈ మార్కెట్ చరిత్రలో ముఖ్యమైన భాగం ఆ జరుగుబాటే.

రేసు కారు నుంచి ఆస్తి దాకా

ఈ చరిత్ర చెప్పేవారు ఎవరైనా ఫెరారీ 250 జీటీవో దగ్గర ఆగాల్సిందే. 3 లీటర్ల వీ12 ఇంజన్, 300 హార్స్‌పవర్‌కు దగ్గరగా శక్తి ఉన్న ఈ కారును 1962-64 మధ్య 36 మాత్రమే తయారు చేశారు. రేసుల్లో నడుపుకోవచ్చు, రోడ్డు మీద ఇంటికీ వెళ్లొచ్చు. అమెరికాలో అప్పటి ధర సుమారు 18,000 డాలర్లు. అయితే డబ్బుంటే చాలదు, ఎవరికి అమ్మాలో ఎంజో ఫెరారీయే తేల్చేవాడు. అరవై ఏళ్ల తర్వాత కంపెనీ వ్యాపార సూత్రంగా మారిన అలవాటుకు మూలం అక్కడే ఉంది.

రేసుల్లో కొత్త కార్లు రాగానే జీటీవోకు విలువ పోయింది. పాత రేసు కారు ఎవరికి కావాలి? ఒక జీటీవో అమెరికాలోని టెక్సాస్‌లో ఒక హైస్కూలుకు విరాళంగా చేరింది. అక్కడి పిల్లలు దాని మీద మెకానిక్ పని నేర్చుకున్నారు. 1972లో ఆ స్కూలు దాన్ని 6,500 డాలర్లకు అమ్మేసింది. ఇప్పుడు అదే రకం కారు వేలంలో ఎంత పలుకుతోందో చూస్తే ఆ స్కూలు మీద జాలి కలుగుతుంది: 2014లో బోన్‌హామ్స్ వేలంలో 3.81 కోట్ల డాలర్లు, 2018లో ఆర్‌ఎం సోత్‌బీస్ మాంటెరీ వేలంలో 4.84 కోట్లు, 2023 నవంబరులో న్యూయార్క్‌లో 5.17 కోట్లు. కార్ల వేలం చరిత్రలో అత్యధిక ధర మాత్రం ఫెరారీది కాదు. 1955లో రెండే తయారైన మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ ఉహ్లెన్‌హౌట్ కూపేలలో ఒకదాన్ని కంపెనీయే 2022 మేలో 13.5 కోట్ల యూరోలకు అమ్మింది.

1960ల కార్లన్నీ ఇంత ఎత్తుకు పోలేదు. స్థానాలు తారుమారైన తీరు తెలియాలంటే డినో 246ను చూడాలి. చిన్న వయసులో చనిపోయిన తన కొడుకు పేరు పెట్టి ఎంజో ఫెరారీ తెచ్చిన కారు ఇది. డ్రైవరు వెనక అమర్చిన వీ6 ఇంజన్, మిగతా ఫెరారీల కంటే తక్కువ ధర. కారు మీద ఫెరారీ బ్యాడ్జీ కూడా ఉండేది కాదు. అందుకని దశాబ్దాల పాటు ఇది అసలైన ఫెరారీ కాదని ముఖం చిట్లించినవారున్నారు. నేడు మంచి స్థితిలో ఉన్న డినోకు కొన్ని లక్షల డాలర్లు పెట్టాలి. బ్యాడ్జీ ఉండి 12 సిలిండర్లున్న నాలుగు సీట్ల ఫెరారీలు చాలావరకు దానికంటే చవక. అందం, చిన్న పరిమాణం, నడపడంలో హాయి హోదాను దాటిపోయిన సందర్భం ఇది.

లాంబోర్గిని మియురా (1966) మరో మలుపు. మార్చెల్లో గాండిని బెర్టోనే సంస్థలో ఉండగా గీసిన ఈ కారులో వీ12 ఇంజన్‌ను సీట్ల వెనక అడ్డంగా అమర్చారు. సుమారు 760 తయారయ్యాయి. రేసుతో సంబంధం లేకుండా కేవలం రోడ్డు మీద అబ్బురపరచడానికే పుట్టిన ఖరీదైన కారు అనే భావన దీనితోనే స్థిరపడింది. దాని తర్వాత వచ్చిన కౌంటాక్ గోడల మీద పోస్టరుగా ఎక్కింది. ఈ పోస్టరుకూ ముప్పై ఏళ్ల తర్వాతి ధరకూ దగ్గరి సంబంధం ఉందని కింద తెలుస్తుంది.

1980ల చివరి బుడగ

1987 అక్టోబరులో ప్రపంచ స్టాక్ మార్కెట్లు కుప్పకూలాయి. షేర్ల మీద నమ్మకం తగ్గినవారు కళాఖండాలు, పాత కార్ల వైపు చూశారు. జపాన్‌లో భూముల ధరలు, షేర్ల ధరలు ఆకాశంలో ఉండటంతో అక్కడి డబ్బు కూడా వేలంశాలలకు చేరింది. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ చనిపోయాడు. ఇక ఆయన చేతి మీదుగా వచ్చే కార్లు లేవన్న ఆలోచన మంటకు నెయ్యి పోసింది. 250 జీటీవో ధర కోటి డాలర్లు దాటింది.

అప్పటి కొత్త కార్లలో ఈ వేడి తగిలింది ఎఫ్40కి. కంపెనీ 40వ ఏట, 1987లో, ఎంజో బతికుండగా విడుదలైన చివరి ఫెరారీ అది. మొదట 400 అనుకున్నవి గిరాకీ చూసి 1,300 పైచిలుకు చేశారు. అయినా షోరూమ్ ధరకు రెండు మూడు రెట్లు పెట్టి కొన్నవారున్నారు. వారిలో చాలామందికి కారు నడిపే ఉద్దేశం లేదు. రిజిస్ట్రేషన్ కాకముందే అగ్రిమెంటు మీద ప్లాటు చేతులు మారినట్టు, ఇంకా తయారుకాని కారు బుకింగులే చేతులు మారాయి.

ఈ వ్యవహారానికి పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ ఉదాహరణ జాగ్వార్ ఎక్స్‌జే220. 1988 బర్మింగ్‌హామ్ మోటార్ షోలో వీ12 ఇంజన్, నాలుగు చక్రాలకూ శక్తి అందే నమూనాను చూపించారు. జనం 50 వేల పౌండ్ల చొప్పున అడ్వాన్సులు కట్టడానికి ఎగబడ్డారు. నాలుగేళ్ల తర్వాత చేతికొచ్చింది వేరే కారు. ఇంజన్ టర్బోలు బిగించిన వీ6, శక్తి వెనక చక్రాలకే. ధర 4.7 లక్షల పౌండ్లకు చేరింది. ఈలోగా 1989 డిసెంబరులో శిఖరం తాకిన జపాన్ మార్కెట్ జారిపోయింది, బ్రిటన్‌లో మాంద్యం వచ్చింది. అడ్వాన్సు కట్టినవారు కారు వద్దన్నారు, వ్యవహారం కోర్టుకెక్కింది. 350 అనుకున్నవి 280 దగ్గర ఆగిపోయాయి. వాటిలో కొన్ని ఏళ్ల తరబడి అమ్ముడుపోలేదు. ఆ సమయంలో ప్రపంచంలోకెల్లా వేగంగా పోయే కారు అదే: గంటకు 340 కిలోమీటర్ల పైన. అంత వేగమున్నా కొనేవాడు దొరకలేదు. ధరను నిలబెట్టేది వేగం కాదని మార్కెట్ తొలిసారి గట్టిగా చెప్పింది అప్పుడే.

బుడగ పేలాక జీటీవో ధర 1990ల మధ్య నాటికి 30 లక్షల డాలర్ల ప్రాంతానికి దిగింది. ఎఫ్40 షోరూమ్ ధర కంటే కిందికి పడింది. ఏడు వేలకు పైగా తయారైన ఫెరారీ టెస్టరోసా మరీ దిగజారింది. అమెరికాలో మంచి జర్మన్ సెడాన్ ధరకు దొరికే రోజులొచ్చాయి. అప్పుడు కొన్నవారే అదృష్టవంతులు అనడం తేలిక. కానీ దాని టైమింగ్ బెల్ట్ మార్చాలంటే ఇంజన్ మొత్తం కిందికి దించాలి. చవకగా కొన్న కారు సర్వీసు బిల్లుకు ఇల్లు గుల్లయినవారి సంఖ్య తక్కువేమీ కాదు.

ఇదే కాలంలో పుట్టింది మెక్‌లారెన్ ఎఫ్1. ఫార్ములా వన్ కార్లు గీసిన గోర్డన్ మర్రే రూపకల్పన. డ్రైవరు సీటు మధ్యలో, ఇద్దరు ప్రయాణికులు అటూ ఇటూ. ఇంజన్ గది వేడి ఆపడానికి లోపల బంగారు రేకు. 1998లో గంటకు 386 కిలోమీటర్లు దాటింది. బ్రిటన్‌లో ధర 5.4 లక్షల పౌండ్ల ప్రాంతం. 300 అమ్ముదామనుకుంటే అన్ని రకాలూ కలిపి 106 దగ్గర ఆగింది. వాటిలో రోడ్డు కార్లు 64. అంటే దాని నేటి విలువకు కారణమైన అరుదుదనం ఎవరూ పన్నిన పథకం కాదు, అమ్మకాలు లేకపోవడం వల్ల వచ్చింది. మిస్టర్ బీన్‌గా మనకు తెలిసిన నటుడు రోవన్ అట్కిన్సన్ 1997లో ఒకటి కొని, దాన్ని రెండుసార్లు గుద్దాడు. రెండో ప్రమాదం తర్వాత మరమ్మతుకే బీమా కంపెనీ 9 లక్షల పౌండ్లు చెల్లించింది. 2015లో ఆయన దాన్ని సుమారు 80 లక్షల పౌండ్లకు అమ్మాడు. 2021లో చాలా తక్కువ తిరిగిన మరో ఎఫ్1 కాలిఫోర్నియా వేలంలో 2 కోట్ల డాలర్లు దాటింది.

ధర దేన్ని చూసి పెరుగుతుంది

మొదటి కొలత సంఖ్య. ఫెరారీ 288 జీటీవో 272, ఎఫ్50 349, ఎంజో 400, లాఫెరారీ 500. ఈ అంకెలు కొనుగోలుదారులకు నోటికి వచ్చు. ఎఫ్50 కొత్తగా వచ్చినప్పుడు ఎఫ్40 అంత అందంగా లేదని విమర్శకులు పెదవి విరిచారు, చాలాకాలం వెనకబడే ఉంది. ఇప్పుడు సంఖ్యలో ఎఫ్40 కంటే ఎంతో తక్కువన్న ఒక్క కారణం దాన్ని ఎఫ్40 పైకి ఎక్కించింది.

రెండోది గేర్లు. ఫెరారీ 1997లో ఎఫ్355తో స్టీరింగ్ వెనక మీటలు నొక్కి గేర్లు మార్చే పద్ధతిని రోడ్డు కార్లలోకి తెచ్చింది. క్లచ్ పెడల్ లేదు, రేసు కారులో మాదిరే అనుభూతి. కొనేవారు దానికి అదనంగా డబ్బు కట్టి మరీ తీసుకున్నారు. 2010ల మొదట్లో ఫెరారీలో మాన్యువల్ గేర్లు పూర్తిగా కనుమరుగయ్యాయి. అవి పోయాక తెలిసింది జనానికి ఏం పోయిందో. ఈనాడు 360, ఎఫ్430, 599 మోడళ్లలో మాన్యువల్ కారు అదే ఏడాది మీటల కారు కంటే చాలా ఎక్కువ పలుకుతుంది. 599లో మాన్యువల్ తీసుకున్నవారు ప్రపంచం మొత్తం మీద 30 మందే కావడంతో అక్కడ తేడా రెట్లలో ఉంటుంది. నిదానంగా మారే గేరుకు వేగంగా మారే గేరు కంటే ఎక్కువ ధర కట్టడం, స్పోర్ట్స్ కారు పుట్టిన ఉద్దేశానికే ఎదురు.

పోర్షేకి ఇది 2016లో అనుభవమైంది. 991 మాత్రమే చేసిన 911 ఆర్ మాన్యువల్ గేర్లతో, సుమారు 1.85 లక్షల డాలర్లకు వచ్చింది. నెలల్లోనే దాని రెండు మూడు రెట్లకు చేతులు మారింది. మరుసటి ఏడాది పోర్షే అదే రకం ఇంజన్‌తో, మాన్యువల్ గేర్లతో, సంఖ్య పరిమితి లేకుండా జీటీ3 టూరింగ్ తెచ్చేసరికి ఆర్ ధరలు దిగొచ్చాయి. సట్టా ఆడినవారికి కంపెనీ చెప్పిన సమాధానం అది. ఈ సమాధానం ఇచ్చే ధైర్యం అందరికీ లేదు.

మూడోది తరం. పన్నెండేళ్ల వయసులో గోడ మీద అంటించుకున్న కారును మనిషి యాభయ్యో ఏట కొంటాడు. అందుకే రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి కార్లలో శిఖరాలను మినహాయిస్తే మిగతావాటికి కొనేవారు తగ్గుతున్నారు. 1960ల ఫెరారీలలో సామాన్యమైనవి 2015 తర్వాత చల్లబడ్డాయి. 1980ల నుంచి 2000ల దాకా వచ్చిన కార్లు ఎగబాకుతున్నాయి. పోర్షే కరెరా జీటీ ఇందుకు సాక్ష్యం. 2004లో 4.4 లక్షల డాలర్ల కారు అది, 1,270 తయారయ్యాయి. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత 3 లక్షల లోపుకు పడింది. నడపడానికి కష్టమన్న పేరుంది. 2013లో నటుడు పాల్ వాకర్ ఒక కరెరా జీటీలో ప్రయాణిస్తూ ప్రమాదంలో చనిపోయాడు. ఇప్పుడు మాన్యువల్ గేర్లు, వీ10 గర్జన, ఎలక్ట్రానిక్ జోక్యం తక్కువగా ఉండటం అనే ఒకప్పటి లోపాలే గుణాలై ధర పది లక్షల డాలర్లు దాటింది. జపాన్ కార్ల మీద పెరిగిన మోజుకు వీడియో గేములు, ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ సినిమాలు కారణం. 25 ఏళ్లు నిండిన కారుకు అమెరికా భద్రతా నిబంధనల నుంచి మినహాయింపు ఉంటుంది. 1999 నాటి నిస్సాన్ స్కైలైన్ ఆర్34 జీటీ-ఆర్ 2024లో ఆ గీత దాటింది. దానికి ఏళ్ల ముందే జపాన్‌లో ధరలు పెరగడం మొదలైంది.

మిగతా విషయాలు, అంటే ఎన్ని మైళ్లు తిరిగింది, ఎవరెవరి చేతులు మారింది, ఇంజన్, గేర్‌బాక్స్ ఫ్యాక్టరీలో అమర్చినవేనా అన్నవి, వేలంలో ధరను లక్షల్లో మార్చగలవు. ఫెరారీ తన క్లాసికే విభాగం ద్వారా పాత కార్లకు ధ్రువపత్రం ఇస్తుంది. ఆ కాగితం ఉన్న కారుకూ లేని కారుకూ ధరలో తేడా ఉండటంతో, పాత కార్ల మార్కెట్ మీద కూడా కంపెనీ పట్టు మిగిలింది.

ఫ్యాక్టరీ చేతిలో తాళం

2013లో ఫెరారీ ఛైర్మన్ లూకా డి మోంతెజెమోలో అరుదుదనం కాపాడటానికి ఉత్పత్తి తగ్గిస్తున్నామని ప్రకటించాడు. 2012లో 7,300 దాటిన అమ్మకాలు ఆ ఏడాది 7,000 లోపుకు వచ్చాయి, లాభం మాత్రం పెరిగింది. మాతృసంస్థ ఫియట్ అధినేత సెర్జియో మార్కియోనే లెక్క వేరు. 2014లో మోంతెజెమోలో వెళ్లిపోయాడు. 2015 అక్టోబరులో ఫెరారీ షేరు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో 52 డాలర్లకు అమ్మకానికొచ్చింది. విశ్లేషకులు దాన్ని కారు కంపెనీగా కాక ఖరీదైన చేతిసంచులు అమ్మే కంపెనీల పక్కన పెట్టి విలువ కట్టడం మొదలుపెట్టారు. ఈ రంగంలో జరిగిన స్థానమార్పులన్నిటిలో ఇదే పెద్దది.

2019లో ఏటా 10 వేలు దాటిన ఫెరారీ అమ్మకాలు 2024లో 13,752కి చేరాయి. ఉత్పత్తి పదేళ్లలో దాదాపు రెట్టింపయినా ధర తగ్గకపోగా పెరగడం చిన్న విషయం కాదు. అది ఎలా సాధ్యమైందంటే, కంపెనీ కార్లను మెట్లుగా పేర్చింది. కింది మెట్టు మీద సంఖ్య పరిమితి లేని కార్లు. వాటి పైన ప్రత్యేక సిరీస్. ఆ పైన పాత రేసు కార్లను గుర్తుచేసే ఐకోనా కార్లు. అన్నిటి కన్నా పైన దశాబ్దానికొకటి వచ్చే శిఖరం. పై మెట్టు కారు కావాలంటే కింది మెట్ల మీద చాలా కార్లు కొని ఉండాలి. ఆ చరిత్ర లేనివాడి దగ్గర ఎంత డబ్బున్నా వరసలో చోటు దొరకడం కష్టం. 2024 అక్టోబరులో ప్రకటించిన ఎఫ్80 ధర 36 లక్షల యూరోలు, సంఖ్య 799. ప్రకటించేనాటికే అన్నీ కేటాయించేశారు. 599 మాత్రమే అన్న డేటోనా ఎస్‌పీ3కి దాతృత్వం కోసం మరొకటి అదనంగా చేసి 2025 ఆగస్టులో వేలం వేస్తే 2.6 కోట్ల డాలర్లు వచ్చాయి.

రంగు, కుట్టు, లోపలి తోలు కొనేవాడి ఇష్టప్రకారం మార్చే పని మరో ఆదాయం. ఫెరారీ కార్ల రాబడిలో దాదాపు ఐదో వంతు దీని నుంచే వస్తోంది. షోరూమ్ ధర పెంచకుండానే కారు ధర పెరిగే దారి ఇది. అయితే రంగు ఎంచుకున్నవాడు అమ్మబోయే రోజున మరొకడికి అది నచ్చకపోవచ్చు.

కొన్న కారును వెంటనే లాభానికి అమ్మేవారిని అడ్డుకోవడానికి ఫోర్డ్ మరో దారి పట్టింది. 2017 ఫోర్డ్ జీటీ (సుమారు 4.5 లక్షల డాలర్లు) కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి, రెండేళ్ల పాటు అమ్మనని ఒప్పందం రాసివ్వాలి. మల్లయోధుడు, నటుడు జాన్ సీనా వారాల్లోనే తన కారు అమ్మేస్తే కంపెనీ కోర్టుకెళ్లింది. 2018లో రాజీ కుదిరింది. డబ్బిచ్చి కొన్న వస్తువు మీద కొన్నవాడికి పూర్తి హక్కు ఉందా అన్న ప్రశ్న మాత్రం ఈ రంగంలో ఇంకా తెమలలేదు.

కిందికి జరిగినవి, పైకి జరిగినవి

1990లో హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ వచ్చింది. అల్యూమినియం బాడీ, ఫెరారీ 348 స్థాయి వేగం, అమెరికాలో సుమారు 60 వేల డాలర్ల ధర, రోజూ ఆఫీసుకు తీసుకెళ్లినా మొండికేయని ఇంజన్. ఎగ్జాటిక్ కారు అన్నాక ఇబ్బంది పెట్టాల్సిందే అన్న పాత నమ్మకాన్ని అది చెరిపేసింది. ఇటలీ కంపెనీలు నాణ్యత మీద దృష్టి పెట్టడంలో దాని పాత్ర ఉంది. అయినా తన కాలంలో ఎన్‌ఎస్‌ఎక్స్ అమ్మకాలు ఏడాదికేడాది తగ్గాయి. విలువ తెలిసింది ఉత్పత్తి ఆగాకే. టొయోటాకు చెందిన లెక్సస్ ఎల్‌ఎఫ్‌ఏ (2010-12) కథ మరీ విడ్డూరం. 500 మాత్రమే చేసి 3.75 లక్షల డాలర్లు పెట్టారు. లెక్సస్‌కు అంత ధరా అని జనం నవ్వారు. ఉత్పత్తి ఆగిన ఐదేళ్లకు కూడా అమెరికా షోరూముల్లో కొన్ని కొత్తవి మిగిలాయి. ఆ వీ10 శబ్దం కోసం ఇప్పుడు షోరూమ్ ధరకు రెట్టింపు పైనే ఇస్తున్నారు.

మధ్యతరగతి ఉద్యోగి ఆశపడగల స్పోర్ట్స్ కారు మెట్టు మాత్రం పైకి జరిగిపోయింది. అమెరికాలో 2012లో 82 వేల డాలర్ల దగ్గర మొదలైన పోర్షే 911, 2025 మోడల్‌కు 1.2 లక్షలు దాటింది. 2008లో 70 వేలకు వచ్చి ఫెరారీలను భయపెట్టిన నిస్సాన్ జీటీ-ఆర్, చివరి సంవత్సరాల్లో 1.2 లక్షలు దాటి, 2025లో ఆగిపోయింది. ఖాళీ అయిన ఆ చోటులోకి షెవర్లే కార్వెట్ వచ్చింది. ఇంజన్‌ను ముందు నుంచి వెనక్కి మార్చిన సీ8 మోడల్ 2019లో 60 వేల డాలర్ల లోపు ధరతో విడుదలైంది. దాని జడ్‌ఆర్1 రూపం 1,064 హార్స్‌పవర్‌తో 2025లో 1.75 లక్షల దగ్గర మొదలైంది. శక్తిలో పది లక్షల డాలర్ల కార్లతో సమానం, ధరలో వాటిలో ఐదో వంతు కూడా కాదు.

లాంబోర్గిని ఎదిగిన తీరు ఇంకో రకం. 1970ల చివర దివాలా తీసి, చేతులు మారి మారి, 1998లో ఆడీ గూటికి చేరింది. అప్పట్లో ఏటా కొన్ని వందల కార్లు. 2003లో వచ్చిన గల్లార్డో ఒక్కటే పదేళ్లలో 14 వేలు అమ్ముడైంది. 2017 చివర ఉరుస్ ఎస్‌యూవీ వచ్చాక మొత్తం అమ్మకాలు ఏటా 10 వేలు దాటాయి (2024లో 10,687), అందులో సగానికి పైగా ఉరుస్‌లే. ఫెరారీ కూడా 2022లో పురోసాంగ్వేతో అదే దారి పట్టింది. మొత్తం ఉత్పత్తిలో దాని వాటా ఐదో వంతు దాటనివ్వమంది. లాంబోర్గినికి లేని ఆ సంకోచం ఫెరారీకి ఉండటమే రెండింటి స్థానాలకూ తేడా.

కార్లు ఎంత బాగున్నా స్థానం నిలబెట్టుకోలేకపోయినవాటిలో మెక్‌లారెన్ ముందుంటుంది. 2011లో మళ్లీ రోడ్డు కార్లు మొదలుపెట్టి, వెంటవెంటనే కొత్త మోడళ్లు దింపింది. ఒకదాన్ని కొన్నవాడు దాన్ని ఆస్వాదించేలోపే మరింత మెరుగైనది వచ్చేది. దాంతో పాత కార్ల ధరలు గబగబా పడ్డాయి. 2021లో కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్నే 17 కోట్ల పౌండ్లకు అమ్మి, అందులోనే అద్దెకు ఉండాల్సి వచ్చింది. తర్వాత అబుదాబి పెట్టుబడిదారుల చేతికి వెళ్లింది. 2018లో 19 పౌండ్ల షేరుతో మార్కెట్‌కు వచ్చిన ఆస్టన్ మార్టిన్‌ది కూడా ఇలాంటి నష్టాల కథే.

కోవిడ్ తర్వాత, విద్యుత్ కాలంలో

2020-22 మధ్య వడ్డీ దాదాపు లేకపోవడం, ఖర్చు చేయడానికి దారి లేక డబ్బు పోగవడం, ఆన్‌లైన్ వేలాలు పెరగడం కలిసి ధరలను మళ్లీ పైకి తోశాయి. అమెరికా వెబ్‌సైటు బ్రింగ్ ఎ ట్రైలర్ 2022లో 100 కోట్ల డాలర్ల పైచిలుకు అమ్మకాలు చేసింది. పాడుకున్న ధరలు అందరికీ కనిపించడంతో దళారుల గుట్టు కొంత బయటపడింది. వడ్డీలు పెరిగాక 2023 నుంచి మార్కెట్ నెమ్మదించింది. మధ్యస్థమైన కార్లు తగ్గాయి, అరుదైనవి తగ్గలేదు.

విద్యుత్ కార్లు వేగం విలువను మరింత తగ్గించాయి. 2021లో వచ్చిన టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్ 1,020 హార్స్‌పవర్ ఉన్న నాలుగు తలుపుల కుటుంబ కారు, ధర 1.3 లక్షల డాలర్ల ప్రాంతం. నిలబడి ఉన్నచోటి నుంచి దూసుకెళ్లడంలో కోట్ల విలువైన పెట్రోలు కార్లు దాని వెనకే. 150 మాత్రమే అన్న క్రొయేషియా విద్యుత్ కారు రిమాక్ నెవెరా, వేగంలో రికార్డులు పడగొట్టినా, అన్నీ అమ్ముడుపోవడానికి తిప్పలు పడింది. ఈ స్థాయి ధనవంతులకు విద్యుత్ కారు మీద ఆసక్తి లేదని 2024లో ఆ కంపెనీ అధినేత మాటే రిమాక్ బాహాటంగా ఒప్పుకున్నాడు. ఆయన ఆధ్వర్యంలోని బుగాటీ అదే ఏడాది ప్రకటించిన టుర్బిల్లాన్‌లో పెద్ద వీ16 పెట్రోలు ఇంజన్‌ను పెట్టింది. 250 కార్లు, ఒక్కోటి 38 లక్షల యూరోలు. 2025 అక్టోబరులో ఫెరారీ తన మొదటి విద్యుత్ కారు సాంకేతిక వివరాలను, రాబోయే ఏళ్ల లాభాల అంచనాలను ఒకే వేదిక మీద పెట్టిన రోజున షేరు దాదాపు 15 శాతం పడింది. అంచనాలు ఆశించినంత లేకపోవడం ముఖ్య కారణం.

భారతదేశంలో

భారత్‌లో ఈ కార్ల ధరను ఇటలీ కంటే ఢిల్లీ ఎక్కువగా నిర్ణయిస్తుంది. 40 వేల డాలర్లు దాటిన విదేశీ కారు పూర్తిగా తయారై ఓడ దిగితే దిగుమతి సుంకాల భారం 100 శాతం పైనే. 2025 బడ్జెట్‌లో మూల సుంకాన్ని 70 శాతానికి తగ్గించినా, 40 శాతం వ్యవసాయ, మౌలిక వసతుల సెస్సు కలపడంతో మొత్తం మారలేదు. దాని మీద జీఎస్టీ. 2025 సెప్టెంబరు నుంచి పెద్ద కార్లకు 40 శాతం. ఆపైన రాష్ట్రం వసూలు చేసే లైఫ్ ట్యాక్స్. యూరప్‌లో రెండున్నర కోట్ల రూపాయలయ్యే కారు హైదరాబాద్ రోడ్డెక్కేసరికి ఐదారు కోట్లు దాటడం మామూలు.

ఈ తేడాయే అడ్డదారులకు మూలం. లైఫ్ ట్యాక్స్ తక్కువని పుదుచ్చేరి చిరునామా మీద రిజిస్టర్ చేయించి, వేరే రాష్ట్రంలో తిప్పే పద్ధతి దక్షిణాదిలో ఏళ్లుగా నడిచింది. 2025లో డైరెక్టరేట్ ఆఫ్ రెవెన్యూ ఇంటెలిజెన్స్ బయటపెట్టిన కేసులో తీరు ఇంకా ముదిరింది. అమెరికా, జపాన్‌లలో కొన్న కార్లను దుబాయ్, శ్రీలంకలకు తరలించి, ఎడమ స్టీరింగ్‌ను కుడికి మార్చి, విలువను సగానికి సగం తగ్గించి చూపి దింపుతున్నారని ఆరోపణ. కొన్నవారిలో హైదరాబాద్‌వారూ ఉన్నారు.

ఇక్కడ కూడా ఎస్‌యూవీయే తలుపు తెరిచింది. గుంతలకూ స్పీడ్‌బ్రేకర్లకూ కింద తగిలే కారు కంటే ఎత్తుగా నిలబడే ఉరుస్ మన రోడ్లకు కుదిరింది. 2021లో ఉరుస్ గ్రాఫైట్ క్యాప్సూల్‌ను నటుడు జూనియర్ ఎన్టీఆర్ కొన్నప్పుడు తెలుగు పత్రికలన్నీ రాశాయి.

పాత ఎగ్జాటిక్ కార్ల విషయంలో భారత్ ప్రపంచ మార్కెట్‌కు బయటే ఉంది. వాడిన కారును దిగుమతి చేసుకోవాలంటే సాధారణంగా అది మూడేళ్లు దాటి ఉండకూడదు, స్టీరింగ్ కుడి వైపు ఉండాలి. ఎఫ్40, కరెరా జీటీ రెండూ మామూలుగా ఎడమ స్టీరింగ్‌తో తయారయ్యాయి, రెండింటికీ వయసు మీరింది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన, అసలు రూపం చెడని వాహనాలకు ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ప్లేటు ఇస్తాయి గానీ, 1980లు, 90ల కార్లు వాటి కిందికి రావు. కొత్త కార్ల సంగతి మారవచ్చు. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకమైన వాణిజ్య ఒప్పందం ప్రకారం అక్కడ తయారైన కార్ల మీద సుంకం, నిర్ణీత సంఖ్య వరకు, దశలవారీగా 10 శాతానికి దిగుతుంది. బ్రిటన్‌లో తయారయ్యే మెక్‌లారెన్, ఆస్టన్ మార్టిన్, లోటస్‌లకు ఈ అవకాశం ఉంది.